బ్రిటిష్ కౌన్సిల్ ‘టీచింగ్ ఇంగ్లిష్’ సైట్: ఒక జెడ్‌పీ హైస్కూల్ టీచర్ సమీక్ష

డీఎస్సీలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇంగ్లిష్ టీచర్లు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ అడిగే మాట ఒకటుంది. “మేడం, క్లాసులో చేయించడానికి మంచి యాక్టివిటీలు ఎక్కడ దొరుకుతాయి? డబ్బులు కట్టకుండా ఉంటే బాగుండు.” నేను పల్నాడు జిల్లాలో ఒక జెడ్‌పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. ఆరు నుంచి పది దాకా ఇంగ్లిష్ చెప్తాను. ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల ‘టీచింగ్ ఇంగ్లిష్’ సైట్. పేరు చెప్పి ఊరుకుంటే మాత్రం వాళ్లకు సగమే సాయం చేసినట్టు. సైట్ తెరవగానే అందరూ నేరుగా లెసన్ ప్లాన్ల దగ్గరికి వెళ్తారు. నాకు ఎక్కువ ఉపయోగపడినవి లోపల వేరే చోట ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు ఏముందో చెప్తాను. ఇది ఇంగ్లిష్ నేర్పే టీచర్ల కోసం నడిపే ఉచిత సైట్. ప్రైమరీ, సెకండరీ, పెద్దవాళ్లు అని విడివిడిగా పాఠ్య ప్రణాళికలు ఉంటాయి. బోధన మీద వ్యాసాలు, వెబినార్లు, వాటి రికార్డింగులు, మనకు వీలైనప్పుడు చేసుకునే చిన్న కోర్సులు, పరిశోధన నివేదికలు, పీడీఎఫ్ పుస్తకాలు ఉంటాయి. చాలా పేజీలు అలాగే చదువుకోవచ్చు. కోర్సులు చేయాలంటే ఈమెయిల్‌తో రిజిస్టర్ కావాలి. ఫోన్లోనే అన్నీ తెరుచుకుంటాయి. పిల్లలు నేరుగా వాడుకోవడానికి ‘లెర్న్ ఇంగ్లిష్ కిడ్స్’, ‘లెర్న్ ఇంగ్లిష్ టీన్స్’ అని అక్కచెల్లెళ్ల లాంటి సైట్లు వేరే ఉన్నాయి. వాటి గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను.

లెసన్ ప్లాన్లు చాలా పద్ధతిగా తయారుచేశారు. ప్రతిదానికీ పైనే ఉద్దేశం, వయసు, స్థాయి, పట్టే సమయం, కావలసిన సామగ్రి రాసి ఉంటాయి. కింద వరసగా ఏం చేయాలో ఉంటుంది. పిల్లలకిచ్చే వర్క్‌షీట్ పీడీఎఫ్ విడిగా దించుకోవచ్చు. స్థాయి అంటే ఎ1, ఎ2, బి1 అని రాస్తారు. ఇవి 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ప్రచురించిన కొలమానంలోని మెట్లు. కొత్తవాళ్లు వీటిని చూసి కంగారు పడనక్కర్లేదు. మన తొమ్మిదో తరగతి వాళ్ల కోసం ఎ2 చూసి, కష్టమనిపిస్తే ఎ1కి దిగితే చాలు. వయసును బట్టి వెతక్కండి. పదిహేనేళ్ల పిల్లలకని రాసిన పాఠాలు మన పిల్లల భాష కంటే రెండు మెట్లు పైన ఉంటాయి.

ఆ పాఠాల్లో చాలావరకు మనసులో పెట్టుకున్న తరగతి వేరు, మన తరగతి వేరు. అక్కడ గంట పాఠం. మనకు 45 నిమిషాల పీరియడ్, అందులో హాజరు, నోట్సు సర్దుకోవడం పోగా మిగిలేది ఎంతో మనకు తెలుసు. అక్కడ పిల్లలు లేచి తిరగడానికి చోటుంది, కుర్చీలు జరుపుకోవచ్చు. మాకు యాభై దాటిన సెక్షన్, మూడు వరసల బెంచీలు, నడవడానికి సన్నటి దారి. వర్క్‌షీట్ తలా ఒకటి అని రాసి ఉంటుంది. మండల కేంద్రంలో జిరాక్స్ పేజీకి రెండు రూపాయలు వేసుకున్నా ఒక సెక్షన్‌కి వంద దాటుతుంది. నెలకు నాలుగైదు అలాంటివి చేస్తే జేబుకు బరువే. నాడు-నేడు కింద వచ్చిన ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) ఉన్న గదుల్లో ఈ ఇబ్బంది తగ్గింది. వర్క్‌షీట్ తెర మీద చూపించి నోట్సులో రాయించుకోవచ్చు. లేనిచోట బోర్డు మీద రాయడమే.

అందువల్ల పాఠం మొత్తాన్ని తీసుకోకుండా అందులోంచి ఒక్క యాక్టివిటీని తీసుకోమని చెప్తాను. దాన్ని మన యూనిట్‌కి, మన గదికి తగ్గట్టు కత్తిరించుకోవాలి. మా దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉంది. జనవరి దాటితే మిరప కోతలు మొదలవుతాయి. కూలీలు దొరకని ఇళ్లలో పెద్ద పిల్లలు కూడా చేలకు వెళ్తారు. ఈరోజు వచ్చిన పిల్ల మళ్లీ ఎల్లుండి వస్తుందో, వచ్చే వారం వస్తుందో తెలియదు. వారమంతా సాగే ప్రాజెక్టులు ఆ నెలల్లో నిలవవు. ఒక్క పీరియడ్‌లో మొదలై అదే పీరియడ్‌లో ముగిసే పనులు కావాలి. అలాంటివి ఈ సైట్లో చాలా ఉన్నాయి.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. రన్నింగ్ డిక్టేషన్ అని పాత యాక్టివిటీయే. ఇంగ్లిష్ బోధనలో దశాబ్దాలుగా ఉంది, ఈ సైట్లో కూడా రకరకాలుగా కనిపిస్తుంది. గోడకు ఒక చిన్న పేరా అంటిస్తారు. జతలో ఒకరు వెళ్లి చదివి, గుర్తుపెట్టుకుని వచ్చి, రెండోవాళ్లకు చెప్తారు. రెండోవాళ్లు రాస్తారు. చదవడం, మాట్లాడడం, వినడం, రాయడం నాలుగూ పది నిమిషాల్లో జరుగుతాయి. గదిలో పరిగెత్తే చోటు లేదు కాబట్టి నేను కాగితాలు వరండా గోడకు, కిటికీ రెక్కలకు అంటించాను. ఒకేసారి బెంచీకి ఒక్కరే లేవాలి. పరుగు లేదు, వేగంగా నడవాలి. పేరా కూడా సైట్లోది తీసుకోలేదు. మా ఊరి సంత గురించి నేనే ఐదు వాక్యాలు రాశాను. మంగళవారం సంత, లేత వంకాయలు, బేరాలు, సైకిల్ మీద గాజులమ్మే తాత, చివర్లో వాన.

మొదటి నిమిషంలోనే గోల మొదలైంది. ఆ గోలలో వినిపించిన మాటలు వినండి. “ఒరేయ్, స్పెల్లింగ్ చెప్పరా!” “బార్గెయినా, బార్గెయిన్సా? చూసొచ్చావా లేదా?” “ఎస్ ఉందే, మళ్లీ వెళ్లి చూస్తా ఉండు.” క్రియకు చివర వచ్చే ఎస్ గురించి నేను ఆరో తరగతి నుంచి బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఆ ఎస్ ఉందో లేదో చూడడానికి ఒక పిల్ల తనంతట తాను లేచి రెండోసారి వరండాలోకి వెళ్లడం అప్పుడే చూశాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి జ్ఞాపకశక్తి ఎంత గట్టిదో కూడా ఆరోజే తెలిసింది. ఒక్క చూపులో రెండు వాక్యాలు పట్టుకొచ్చి జతగత్తెకు మాట పొల్లుపోకుండా చెప్పింది. పక్క గదిలోంచి లెక్కల సార్ వచ్చి “ఏంటి టీచర్, ఇవాళ ఆటల పీరియడా?” అని అడిగారు. నిలబడి చూశాక వాళ్ల క్లాసులో సూత్రాలకు ఇలాగే చేయిస్తానన్నారు. చివర్లో అసలు పేరాను బోర్డు మీద రాసి, జతలు పుస్తకాలు మార్చుకుని దిద్దుకున్నాయి. నేను దిద్దాల్సిన పని లేకుండానే తప్పులన్నీ వాళ్లకు కనబడ్డాయి.

ఇలాంటివి దొరకడం సంతోషమే. కానీ యాక్టివిటీలు కూడబెట్టుకుంటూ పోతే టీచర్‌గా ఎదిగినట్టేనా అన్నది నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న. సైట్లో మిగతా భాగం ఎక్కువ విలువైనదని అనడానికి కారణం అదే.

కోర్సుల సంగతి ముందు చెప్పేస్తాను. ఉచ్చారణ నేర్పడం, పిల్లల్ని అర్థం చేసుకోవడం, మాట్లాడించడం లాంటి అంశాల మీద చిన్న చిన్న ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. కొన్ని గంటల్లో అయిపోతాయి, పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. మధ్యమధ్యలో వేరే దేశాల టీచర్ల క్లాసురూమ్ వీడియోలు, ఆగి ఆలోచించమనే ప్రశ్నలు ఉంటాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని చెప్పింది. ఆ మాట వచ్చినప్పటి నుంచి గంటలు లెక్కపెట్టడం బాగా పెరిగింది. ఏ శిక్షణ అని పేరు పెట్టను గానీ, వీడియో నడుస్తుంటే కూర కలుపుకుంటూ, చివర్లో జవాబులు గ్రూపులో తెప్పించుకుని సర్టిఫికెట్ దించుకోవడం మనందరం చూసిందే. ఈ సైట్లో కోర్సులను కూడా అలా చేయాలంటే చేయొచ్చు, ఎవరూ ఆపరు. గంటల కోసమే అయితే వీటి దాకా రానక్కర్లేదు. వీటి సర్టిఫికెట్‌ను మన శాఖ గంటల్లో కలుపుతుందో లేదో ముందే ఎంఈవో ఆఫీసులో కనుక్కుని మొదలుపెట్టండి, తర్వాత నిరాశ పడకుండా ఉంటుంది.

నేను టీచర్లందరికీ చూపించాలనుకునేది అక్కడున్న సీపీడీ (వృత్తిలో నిరంతర ఎదుగుదల) ఫ్రేమ్‌వర్క్. పేరు వినగానే ఇదేదో ఆఫీసు కాగితం అనిపిస్తుంది. తెరిచి చూస్తే మన పనిని 12 ముక్కలుగా విడదీసి చూపించే పట్టిక. పాఠాలను ప్లాన్ చేసుకోవడం, పిల్లల్ని అర్థం చేసుకోవడం, క్లాసు నడపడం, సబ్జెక్టు తెలిసి ఉండడం, వనరులు వాడడం, మదింపు, సాంకేతికత వాడడం, మన ఎదుగుదల బాధ్యత మనమే తీసుకోవడం, అందరినీ కలుపుకుపోవడం, బహుభాషా పద్ధతులు, ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాలు, విద్యా విధానాలను అర్థం చేసుకోవడం. ఒక్కోదానికి నాలుగు దశలు పెట్టారు. ఆ పద్ధతి గురించి విన్నాను అన్నది మొదటి దశ. అదేంటో, ఎందుకు ముఖ్యమో నాకు అర్థమైంది అన్నది రెండోది. నా పనిలో చేసి చూపించగలను అన్నది మూడోది. అది నా రోజువారీ పనిలో కలిసిపోయింది అన్నది నాలుగోది.

విన్నదానికీ, చేయగలిగినదానికీ మధ్య ఎంత దూరముందో అంత తేటగా చూపించిన కాగితం నాకు మరొకటి తారసపడలేదు. శిక్షణ తరగతుల్లో “గ్రూప్ వర్క్ తెలుసా?” అంటే అందరం చేతులెత్తుతాం. ఇక్కడ ఆ ప్రశ్న వేరేలా ఎదురవుతుంది. పోయిన నెలలో గ్రూప్ వర్క్ ఎన్ని పీరియడ్లలో జరిగింది? వెనక బెంచీ వాళ్లు అందులో ఏం చేశారు? మా స్నేహితురాలు ఒకామె, పక్క మండలంలో పనిచేస్తారు, దీన్ని ప్రింట్ తీసి బీరువా తలుపు లోపల అంటించుకున్నారు. ఏడాదికి రెండు అంశాలే తీసుకుంటారు. పన్నెండింటికీ టిక్కులు పెట్టుకుంటూ పోతే మళ్లీ అదే గంటల లెక్క అవుతుందని ఆమె అభిప్రాయం. నాదీ అదే.

ఆ పన్నెండింటిలో నన్ను ఎక్కువగా ఆపింది బహుభాషా పద్ధతులు. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినబడితే నేరమన్నట్టు చూసే పర్యవేక్షకులు ఉన్నారు. కొన్ని ప్రైవేటు బడుల్లో తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన రోజులూ చూశాం. మన రాష్ట్రంలో 2020–21 నుంచి తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్క పేజీల్లో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పుస్తకంలోనే రెండు భాషలు పెట్టి, టీచర్ నోట్లో మాత్రం ఒకటే ఉండాలంటే ఎలా? బ్రిటిష్ కౌన్సిలే తన ఫ్రేమ్‌వర్కులో పిల్లల ఇంటి భాషను క్లాసులో తెలివిగా వాడడం ఇంగ్లిష్ టీచర్ నైపుణ్యాల్లో ఒకటని రాసింది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో వాదన వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి చూపిస్తాను. ఇంగ్లండ్ సంస్థే చెప్పిందంటే మనవాళ్లు కాస్త వింటారు. మనం చెప్పినప్పుడే వింటే ఇంకా బాగుండేది.

తెలివిగా వాడడమంటే పాఠమంతా తెలుగులో అర్థం చెప్పేయడం అని అనుకోకండి. అలా చేస్తే పిల్లలు ఇంగ్లిష్ వాక్యం వినడం మానేసి, దాని వెనక వచ్చే తెలుగు కోసం కాచుకుని కూర్చుంటారు. నేను చేయించేది ఇది. కథ సగం చదివాక ఆపి, తర్వాత ఏం జరుగుతుందో పక్కవాళ్లతో రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడుకోమంటాను. ఆ తర్వాత అదే ఊహను ఇంగ్లిష్‌లో ఒకటో రెండో వాక్యాల్లో చెప్పాలి. కావలసిన మాటలు బోర్డు మీద రాసిస్తాను. ముందు ఆలోచన కుదిరింది కాబట్టి వెతుక్కోవాల్సింది భాష ఒక్కటే. ఆలోచననూ, భాషనూ ఒకేసారి వెతుక్కోమంటే ఎనిమిదో తరగతి పిల్లాడు నోరు మూసుకుంటాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ అంటే బయటి నుంచి వచ్చిన సరుకు అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 1958లోనే హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వచ్చింది. 1972లో విదేశీ భాషలూ కలిసి సీఫెల్ అయింది. 2007 నుంచి ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయం. తార్నాక వైపు వెళ్లినవాళ్లందరికీ ఆ గేటు తెలుసు. దక్షిణాది రాష్ట్రాల కోసం బెంగళూరులో 1963లో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అక్కడికి నెల రోజుల కోర్సుకు వెళ్లొచ్చిన మన సీనియర్లు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఆ బెంగళూరు పేరుతోనే ఇంగ్లిష్ బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారి ప్రయోగం ప్రపంచానికి తెలిసింది. 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలో మామూలు బడుల్లో, పెద్ద తరగతుల్లో, వ్యాకరణ సూత్రాలు చెప్పకుండా రైళ్ల టైంటేబుల్, పటాలు, లెక్కల్లాంటి పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పారు. ఇవాళ ప్రపంచమంతా టాస్క్ పద్ధతి అంటున్నదానికి మూలాల్లో ఇదొకటి. ఈ సైట్లో టాస్క్ పద్ధతి మీద వ్యాసం చదువుతుంటే, ఇది మన బల్లల మీద పుట్టిందే కదా అనిపిస్తుంది. కొత్త టీచర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ప్రభు గారిదే ఇంకో ఆలోచన ఉంది. అందరికీ పనికొచ్చే ఉత్తమ పద్ధతి అంటూ ఏదీ లేదని, ఏది ఎందుకు పనిచేస్తుందో టీచర్‌కు తనదైన నమ్మిక ఒకటి ఏర్పడాలని, అది సజీవంగా ఉండాలని 1990లో వాదించారు. ఇంత పెద్ద సైట్లోకి వెళ్లేటప్పుడు ఈ మాట దగ్గర ఉంచుకుంటే దారి తప్పం. అక్కడ వంద పద్ధతులున్నాయి. మన క్లాసుకు ఏది ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగేది మనమే.

ఆ చెప్పగలగడానికి సైట్లో ఒక సాధనం ఉంది. ఎక్స్‌ప్లోరేటరీ యాక్షన్ రీసెర్చ్ అని దాని పేరు, అంటే టీచర్ తన క్లాసునే పరిశీలించి చేసే చిన్న పరిశోధన. 2013లో చిలీ దేశంలో ప్రభుత్వ బడుల ఇంగ్లిష్ టీచర్లతో మొదలైన కార్యక్రమంలో ఇది రూపుదిద్దుకుంది. దాని మీద సులభమైన ఇంగ్లిష్‌లో ఉచిత పీడీఎఫ్ ఉంది. యాక్షన్ రీసెర్చ్ అనగానే మనకు బీఈడీలో రాసిన రికార్డు గుర్తొచ్చి భయం వేస్తుంది. ఇది వేరు. సమస్య కనబడగానే పరిష్కారం మీద పడొద్దు, ముందు అక్కడ ఏం జరుగుతుందో చూడు అంటుంది. దానికి చిన్న చిన్న ప్రశ్నలు రాసుకోమంటుంది. పెద్ద గణాంకాలు అక్కర్లేదు. పిల్లలతో నాలుగు వాక్యాలు రాయించినా, తోటి టీచర్ వచ్చి చూసినా, ఫోన్లో పాఠం రికార్డు చేసినా అదే ఆధారం.

మేము ఎనిమిదో తరగతితో చేసింది ఇది. ప్రశ్న: నేను ప్రశ్నలు అడిగినప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు? ఫోన్ బల్ల మీద పెట్టి ఆడియో రికార్డు చేశాను. సోషల్ మేడం ఖాళీ పీరియడ్‌లో వచ్చి వెనక కూర్చుని, బెంచీల బొమ్మ గీసుకుని, నోరు విప్పిన పిల్లల దగ్గర చుక్క పెట్టారు. చుక్కలన్నీ ముందు రెండు బెంచీల్లో, అమ్మాయిల వైపు గుత్తులుగా పడ్డాయి. కిటికీ పక్క వరస అంతా తెల్లగా ఉంది. మిగతా పిల్లలను తెలుగులోనే ఒక చీటీ రాయమన్నాను, పేరు రాయొద్దన్నాను. “ఆలోచించేలోపు వాళ్లు చెప్పేస్తారు” అని ఎక్కువమంది రాశారు. “తప్పయితే నవ్వుతారు” అని కొందరు. ఒక పిల్లాడు “నాకు జవాబు వచ్చు, ఇంగ్లిష్ రాదు” అని రాశాడు. ఆ చీటీ ఇప్పటికీ నా డైరీలో ఉంది.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో దీని మీదే పనిచేశారు. టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగే సమయం సగటున ఒక్క సెకను ఉంటోందని, దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది మాట్లాడతారని ఆమె చూపించారు. మూడు సెకన్లంటే కాగితం మీద ఏమీ కాదు. యాభై మంది ముందు నిశ్శబ్దంగా నిలబడితే చాలా పెద్ద సమయం. మేము పెట్టుకున్న నియమం: ప్రశ్న వేశాక చెయ్యెత్తడం లేదు. ముందు మనసులో, తర్వాత పక్కవాళ్లతో, తర్వాతే పైకి. పేర్లు రాసిన చీటీలు డబ్బాలోంచి తీసి పిలుస్తాం. పిలిచినవాళ్లు తమ జవాబైనా, పక్కవాళ్ల జవాబైనా చెప్పొచ్చు. పక్కవాళ్లది చెప్పొచ్చు అన్న వెసులుబాటే భయాన్ని తగ్గించింది. తప్పయితే అది ఇద్దరిదీ. కొన్నాళ్లకు సోషల్ మేడం మళ్లీ చుక్కలు పెడితే కిటికీ వరసలో కూడా పడ్డాయి. అందరూ అనర్గళంగా మాట్లాడేస్తున్నారని చెప్పను. ముందు బెంచీ వాళ్లలో ఇద్దరికి ఈ పద్ధతి నచ్చలేదు కూడా, వాళ్లకు వేరే పని ఇవ్వాల్సి వచ్చింది.

ఇదంతా ఒంటరిగా చేయడం కష్టం. మహారాష్ట్రలో అక్కడి ప్రభుత్వం, టాటా ట్రస్ట్స్, బ్రిటిష్ కౌన్సిల్ కలిసి తేజస్ అనే కార్యక్రమం నడిపాయి. అందులో ప్రైమరీ టీచర్లు చిన్న గుంపులుగా కలుసుకుని, ఒక అంశం మీద మాట్లాడుకుని, ఒక యాక్టివిటీ చేసి చూసి, తమ క్లాసులో ప్రయత్నించి, మళ్లీ కలిసినప్పుడు ఏం జరిగిందో చెప్పుకునేవారు. దాన్ని టీచర్ యాక్టివిటీ గ్రూప్ అన్నారు. మనకు కాంప్లెక్స్ సమావేశాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. సర్క్యులర్లు చదవడం, ఫార్మాట్లు నింపడంతో పొద్దుపోతుందన్నది అందరి బాధ. మేము నలుగురం ఇంగ్లిష్ వాళ్లం భోజనాల తర్వాత ఒక గంట విడిగా కూర్చుంటాం. సైట్లో ఒక వ్యాసమో, పది నిమిషాల వీడియో ముక్కో ముందే చూసి రావాలి. రెండే ప్రశ్నలు. క్లాసులో ఏం చేశావు? పిల్లలు ఏం చేశారు? రెండో ప్రశ్నకే ఎక్కువ సమయం ఇస్తాం. దీనికి ఎవరి అనుమతీ అడగాల్సి రాలేదు.

లోటుపాట్లు చెప్పకపోతే సమీక్ష అనిపించుకోదు. సైట్ పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంది. ఇంగ్లిష్ టీచర్లకు ఫర్వాలేదు గానీ, ప్రైమరీలో అన్ని సబ్జెక్టులూ చెప్పే ఎస్జీటీలకు ఆ వ్యాసాల భాష బరువు. వాళ్లకు లెసన్ ప్లాన్లలో దశలు రాసిన భాగం సులువుగా ఉంటుంది, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పాఠాల్లో మంచు, క్రిస్మస్ షాపింగ్, విమానాశ్రయాలు ఎక్కువగా వస్తాయి. మన పిల్లలకు ఆ లోకం కొత్తగా ఉండి ఆసక్తి కలిగించినా, మాట్లాడించే పాఠానికి సొంత అనుభవం కావాలి. అక్కడ సంత, జాతర, బోరుబావి, పత్తి తూకం పెట్టుకోవాల్సిందే. మన పాఠ్యపుస్తకంలో యూనిట్లకు జోడించిన సూచిక ఏదీ ఉండదు. ఏ యాక్టివిటీ ఎనిమిదో తరగతి ఏ యూనిట్‌కి సరిపోతుందో మనమే రాసుకోవాలి. ప్రత్యక్ష వెబినార్లు చాలావాటికి మన బడి గంటలతో పొత్తు కుదరదు, రికార్డింగ్ చూసుకోవడమే మేలు. అంశాలు ఎంత ఎక్కువంటే, ఏది వెతుకుతున్నామో ముందే కాగితం మీద రాసుకోకుండా తెరిస్తే రాత్రి పదకొండవుతుంది, చేతిలో ఏమీ ఉండదు.

పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్ష మోడల్ పేపర్లు కావాలని వెళ్తే అక్కడ దొరకవు. దానికి వేరే చోట్లున్నాయి. ఉత్తరాలు, డైరీ, సంభాషణ రాయడం లాంటివి మన పేపర్లో అడిగేవే కాబట్టి రాత నైపుణ్యాల పాఠాల్లోంచి ముందస్తు పనులు తీసుకోవచ్చు. మార్కుల కోసం తొందరపడే జనవరి, ఫిబ్రవరిలో మాత్రం నేను పదికి వీటి జోలికి పోను. జూన్ నుంచి నవంబరు దాకా వాడతాను.

పిల్లల సైట్ల గురించి. ‘లెర్న్ ఇంగ్లిష్ కిడ్స్’లో చిన్న కథలు, పాటలు ఆరో తరగతి వాళ్లకు ఐఎఫ్‌పీ మీద వేస్తే బాగా చూస్తారు. బ్రిటిష్ యాస మొదట అందదు. మొదటిసారి మాటలు కనబడేలా, రెండోసారి మాటలు లేకుండా వేయండి. ‘టీన్స్’లో వినడం పాఠాలు స్థాయిల వారీగా ఉన్నాయి, తొమ్మిదికి పనికొస్తాయి. ఇంట్లో ఫోనుంది కదా అని లింకులు పంపి చూడమనడం నాకు ఇష్టం లేదు. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఆ ఫోను నాన్న చేతిలో ఉంటుంది, ఆయన రాత్రికి గానీ రాడు.

కొత్త టీచర్ ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా సలహా: మొదటి వారం లెసన్ ప్లాన్ల వైపు వెళ్లకండి. సీపీడీ ఫ్రేమ్‌వర్క్ దించుకుని, పన్నెండులో ఒక్కటి ఎంచుకోండి. మీ క్లాసు గురించి ఒక ప్రశ్న రాసుకోండి. ఆ ప్రశ్నకు సాయపడే వ్యాసం ఒకటి, యాక్టివిటీ ఒకటి వెతకండి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరినైనా ఒక్క పీరియడ్ వచ్చి వెనక కూర్చోమని అడగండి. ఇంగ్లిష్ వాళ్లే కానక్కర్లేదు. భాష తెలియనివాళ్లు పిల్లల్ని ఇంకా బాగా చూస్తారు.

జూన్‌లో బడి తెరిచాక మా నలుగురం తీసుకోబోయే ప్రశ్న నోట్సు దిద్దడం గురించి. ఎర్ర సిరాతో ప్రతి తప్పూ దిద్దితే పిల్లలు దాన్ని మళ్లీ చూస్తున్నారా? తప్పు ఎక్కడుందో గుర్తు మాత్రం పెట్టి వదిలేస్తే వాళ్లే దిద్దుకోగలుగుతారా? యాభై పుస్తకాల సెక్షన్‌లో ఇది చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ తరగతితో చేశారో, ఏ గుర్తులు వాడారో, తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చెప్పారో కింద రాయండి. తనిఖీ సంగతి తప్పకుండా రాయండి, మాకున్న భయం అదే.